అతిథికి తెలియని ఆలస్యం

దసరా సెలవులకి వచ్చిన మా మేనల్లుడు రెండో రోజు సాయంత్రం ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. వాడిది ఇంజినీరింగ్ మూడో ఏడాది. వాళ్ల అన్న నాలుగేళ్లు వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్ అది. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ కోసం విండోస్ 11 మీద వర్చువల్‌బాక్స్ వేసుకుని, అందులో ఉబుంటు లినక్స్ ఎక్కించుకున్నాడు.

"ఇది తెరుచుకునేలోపు ల్యాబ్ పీరియడే అయిపోతోంది మామయ్యా. ర్యామ్ చాలదేమోనని పెంచాను. ప్రాసెసర్లు ఉన్నవన్నీ ఇచ్చేశాను. ఇచ్చేకొద్దీ ఇంకా నెమ్మదిస్తోంది" అన్నాడు.

ఆన్ చెయ్యమన్నాను. లాగిన్ తెర వచ్చేసరికి వంటింట్లో టీ మరిగి, కప్పుల్లోకి వచ్చి, మేం తాగడం కూడా అయిపోయింది. టెర్మినల్ తెరిచి ఏదో ఒకటి టైపు చెయ్యమంటే, వాడు కొట్టడం ఆపేశాక కూడా అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి పడుతున్నాయి. ల్యాప్‌టాప్ అంచున డిస్క్ లైటు మినుకుమినుకుమనడం మానేసి నిలకడగా వెలుగుతోంది. ఫ్యాను హోరెత్తిపోతోంది.

"లోపల చూశావా?" అని అడిగాను. చూశాడట. ఉబుంటులో సిస్టమ్ మానిటర్ తెరిచి చూపించాడు. ప్రాసెసర్ వాడకం ఇరవై శాతం కూడా లేదు. ఇచ్చిన 6 జీబీ ర్యామ్‌లో 4 జీబీ దాకా అందుబాటులోనే ఉందంటోంది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి, యంత్రం మాత్రం కదలదు. వాడిని తికమక పెట్టిందీ ఇదే. నాకు ఈ సంగతి రాయాలనిపించిందీ అందుకే.

వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్. అసలు యంత్రాన్ని హోస్ట్ అంటారు, లోపలిదాన్ని గెస్ట్ అంటారు. ఆతిథ్యమిచ్చేది ఒకటి, అతిథి మరొకటి. ఇద్దరి మధ్యా వడ్డించే సాఫ్ట్‌వేర్ పేరు హైపర్‌వైజర్. మా వాడి దగ్గర ఆ పని చేసేది వర్చువల్‌బాక్స్. 1960లలో ఐబీఎం వాళ్ల కేంబ్రిడ్జ్ పరిశోధన కేంద్రంలో ఈ ఆలోచన పుట్టింది. గదంత మెయిన్‌ఫ్రేమ్ ఒక్కటే ఉంటే, దాన్ని ఒకేసారి పదిమంది ఎవరికి వారు సొంత యంత్రంలా వాడుకోవాలి. 1972లో వచ్చిన వీఎం/370 దాన్ని మార్కెట్‌కి తెచ్చింది. 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏది నిజమైన వర్చువల్ మెషీన్ అనిపించుకుంటుందో మూడు షరతులుగా రాసిపెట్టారు. లోపల నడిచే ప్రోగ్రాముకి అసలు యంత్రం మీద ఉన్నట్టే అనిపించాలి. వనరుల తాళంచెవులన్నీ హైపర్‌వైజర్ దగ్గరే ఉండాలి. ఆదేశాల్లో సింహభాగం ఎవరి జోక్యమూ లేకుండా నేరుగా ప్రాసెసర్ మీదే నడవాలి.

మూడో షరతు వల్లే "వర్చువల్ మెషీన్ అన్నాక నెమ్మదిగానే ఉంటుంది" అనే మాట నేను ఒప్పుకోను. రెండు సంఖ్యలు కూడే ఆదేశం గెస్ట్‌లో నడిచినా హోస్ట్‌లో నడిచినా పట్టే సమయం ఒకటే. సరిగా అమర్చిన యంత్రంలో తేడా కనిపెట్టడం కష్టం. విసుగు పుట్టించేంత నెమ్మది ఎక్కడైనా ఉందంటే అక్కడ పని జరగడం లేదు, నిరీక్షణ జరుగుతోంది. దేనికోసం నిరీక్షిస్తోందో పట్టుకోవాలి.

మొదటి షరతు దగ్గరే చిక్కుంది. అసలు యంత్రం మీదే ఉన్నాననుకోవడం గెస్ట్ ధర్మం. హోస్ట్ దాన్ని ఒక క్షణం పక్కన పెట్టి వేరే పని చూసుకుంటే, ఆ క్షణంలో గెస్ట్‌కి స్పృహే ఉండదు. మత్తిచ్చి పడుకోబెట్టిన మనిషిని ఎంతసేపు పడుకున్నావని అడిగితే ఏం చెప్తాడు? అందుకే నొప్పి ఎక్కడని గెస్ట్‌ని అడిగితే సరైన జవాబు రాదు. మా వాడు నెలరోజులుగా లోపలికే చూస్తున్నాడు.

విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిపించాను. మెమరీ 96 శాతం, డిస్క్ 100 శాతం ఉన్నాయి. వాడు నోరు తెరిచాడు.

8 జీబీ ల్యాప్‌టాప్‌లో 6 జీబీ గెస్ట్‌కి రాసిచ్చాడు. విండోస్ 11కి ఊరికే కూర్చోడానికే మూడు జీబీ పైన కావాలి. పక్కనే బ్రౌజరు, అందులో పన్నెండు ట్యాబులు. చోటు చాలక విండోస్ తన సరంజామానే అటక ఎక్కించడం మొదలుపెట్టింది. అంటే ర్యామ్‌లో ఉండాల్సినవి డిస్క్ మీది పేజ్ ఫైల్‌లోకి తోస్తోంది, కావలసినప్పుడు దింపుతోంది. లోపల చూస్తే 4 జీబీ అందుబాటులో ఉందంది కదా, అదేమైందంటారా? ఖాళీగా పడున్న ర్యామ్‌ని లినక్స్ వృథా పోనివ్వదు. డిస్క్ నుంచి ఒకసారి చదివిన ఫైళ్లని అందులో దాచిపెట్టుకుంటుంది. ఎవరైనా అడిగితే వెంటనే ఇచ్చేస్తుంది కాబట్టి లోపలి లెక్కలో అది అందుబాటులో ఉన్నట్టే. హోస్ట్ లెక్కలో మాత్రం ఆ చోటు ఆక్రమించినట్టే. రెండు ఇళ్లలో రెండు పద్దు పుస్తకాలు నడుస్తున్నాయి, ఒకదాని సంగతి రెండోదానికి తెలియదు.

అటక ఎక్కి దిగడానికి ఎంత పడుతుందో చూడండి. ర్యామ్ నుంచి ఒక ముక్క తెచ్చుకోడానికి సుమారు వంద నానోసెకన్లు పడుతుంది. ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది తిరిగే పళ్లేల పాత హార్డ్ డిస్క్, నిమిషానికి 5400 చుట్లు. ఒక చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు చదివే సూది కిందకి రావడానికి సగటున అరచుట్టు పడుతుంది. దానికి ముందు సూది ఆ వరుస మీదకి జరగాలి. అన్నీ కలిపితే పది మిల్లీసెకన్లు దాటుతుంది. అంటే ర్యామ్ కంటే లక్ష రెట్లు ఎక్కువ. అలాంటి డిస్క్ చెల్లాచెదురుగా ఉన్న ముక్కల్ని సెకనుకి వంద కూడా అందించలేదు. ఇప్పుడు ఆ ఒక్క సూది కోసం విండోస్ తన అటక సామానుతో ఒకవైపు, ఉబుంటు తన ఫైళ్లతో మరోవైపు వరసలో నిలబడ్డాయి. ఆ లైటు ఆరకుండా వెలిగింది అందుకే.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. పైన చెప్పిన గోల్డ్‌బర్గే, అదే 1974లో, రాబర్ట్ హాసింజర్‌తో కలిసి ఇంకో పత్రం రాశాడు. అసలు ర్యామ్ పెంచకుండా గెస్ట్‌కి మాత్రం నీకు ఇంత ర్యామ్ ఉందని ఎక్కువ చెప్తే, పని వేగం పెరగడానికి బదులు తగ్గవచ్చని అందులో చూపించారు. దానికి డబుల్ పేజింగ్ అని పేరు. పెద్ద సర్వర్లలో హోస్ట్, గెస్ట్ ర్యామ్‌ని కూడా డిస్క్ మీదకి తోస్తుంది. ఏది తోయాలి? చాలాకాలంగా ఎవరూ ముట్టనిది. కాసేపటికి గెస్ట్‌కీ చోటు చాలక అదీ ఏదో ఒకటి తోయాలనుకుంటుంది. ఏది? చాలాకాలంగా ఎవరూ ముట్టనిది. రెండూ ఒకే తర్కంతో ఒకే ర్యామ్ ముక్కని, అంటే ఒకే పేజీని, ఎంచుకుంటాయి. గెస్ట్ దాన్ని తన డిస్క్‌లోకి రాయాలంటే ముందు హోస్ట్ దాన్ని తన డిస్క్ నుంచి ర్యామ్‌లోకి తేవాలి. పారేయడానికని పైకి తెచ్చి మళ్లీ కింద పడేయడమన్నమాట. మా వాడి ల్యాప్‌టాప్‌లో జరిగింది అచ్చంగా ఇది కాదు, అక్కడ విండోస్ తన సామాను తానే తోసుకుంటోంది. అయినా మూలం ఒకటే, లేని ర్యామ్‌ని ఉన్నట్టు పంచిపెట్టడం.

దీనికి నాకు ఎప్పటికీ ముచ్చటేసే పరిష్కారం 2002లో వచ్చింది. వీఎంవేర్ అనే సంస్థలో పనిచేసిన కార్ల్ వాల్డ్‌స్పర్గర్ దాన్ని వివరిస్తూ పత్రం రాశాడు. గెస్ట్ లోపల ఒక చిన్న డ్రైవర్‌ని పెడతారు. దాన్ని బెలూన్ అంటారు. హోస్ట్‌కి ర్యామ్ కావలసి వచ్చినప్పుడు ఈ బెలూన్ ఉబ్బుతుంది. అంటే గెస్ట్‌ని మామూలు ప్రోగ్రాములాగే "నాకు కాస్త ర్యామ్ కావాలి" అని అడుగుతుంది. గెస్ట్ తనకి అక్కర్లేనిది ఏదో తనే ఏరి ఇస్తుంది. బెలూన్ చేతికొచ్చిన పేజీల్ని హోస్ట్ నిశ్చింతగా వేరేవాళ్లకి ఇచ్చుకుంటుంది. ఏది ముఖ్యమో ఏది కాదో ఇంట్లో అద్దెకున్నవాడికి తెలిసినంత ఇంటి యజమానికి తెలియదు కదా. గెస్ట్‌కి రహస్యం విప్పకుండానే దాని చేతే నిర్ణయం తీసుకునేలా చేశారు.

మా వాడి యంత్రానికి 6 జీబీ తీసేసి 3 జీబీ ఇచ్చాం. సగానికి తగ్గించేసరికి వాడి ముఖం చిన్నబోయింది.

తర్వాత ప్రాసెసర్లు. వర్చువల్‌బాక్స్ సెట్టింగ్స్‌లో ఆ అంకె జరిపే గీత కొంతదూరం ఆకుపచ్చగా ఉండి తర్వాత ఎరుపెక్కుతుంది. వాడు కొసదాకా లాగి 8 దగ్గర పెట్టాడు. ల్యాప్‌టాప్‌లో ఉన్న అసలు కోర్లు నాలుగే. ఒక్కో కోరు రెండు పనుల్ని పక్కపక్కన నడిపే ఏర్పాటు వల్ల విండోస్‌కి ఎనిమిదిగా కనిపిస్తాయి. గెస్ట్‌కి ఎనిమిదీ ఇచ్చేస్తే, హోస్ట్ తన సొంత పనికి పూనుకున్న ప్రతిసారీ గెస్ట్ ప్రాసెసర్లలో ఏదో ఒకదాన్ని లేపి పక్కకి పంపాలి.

పోతే పోయింది ఒక్కటే కదా, మిగతా ఏడూ నడుస్తాయి కదా అనిపిస్తుంది. అన్నిసార్లూ నడవవు. ఆ పక్కకి వెళ్లినది చేతిలో ఒక తాళం పట్టుకుని ఉండవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక పట్టికని ఇద్దరు ఒకేసారి దిద్దకుండా అడ్డుపెట్టే తాళమది. అసలు యంత్రంలో అయితే మైక్రోసెకన్లలో పని ముగించి తాళం వదిలేసేది. ఇక్కడ తాళంతో సహా నిద్రపోయింది. మిగతావి "ఇప్పుడు వదులుతుంది, ఇప్పుడు వదులుతుంది" అనుకుంటూ చోటు వదలకుండా గిరగిర తిరుగుతూ, ఉన్న కోర్లని వేడెక్కిస్తాయి. వీఎంవేర్ తొలినాళ్ల సర్వర్ హైపర్‌వైజర్ దీన్ని తప్పించడానికి ఒక గెస్ట్‌కి చెందిన ప్రాసెసర్లన్నింటినీ ఒకేసారి కూర్చోబెట్టేది. దాని కష్టం దానికుంది. పెళ్లి భోజనాలకి ఒక్కడే వెళ్తే బంతిలో ఎక్కడో ఒకచోట ఇరికిస్తారు. ఎనిమిదిమంది పక్కపక్కనే కూర్చుంటామంటే ఆ బంతి లేచేదాకా ఆకు ముందుకి రాలేరు. తర్వాతి కాలంలో ఆ పట్టు సడలించారు గానీ, అక్కరకి మించి ప్రాసెసర్లు ఇస్తే వేగం తగ్గవచ్చన్న మాట ఇవాళ్టికీ నిజమే. రెండు ఇచ్చాం.

అప్పుడు కనిపించింది తాబేలు. వర్చువల్‌బాక్స్ కిటికీ అడుగున వరసగా చిన్న చిన్న బొమ్మలుంటాయి. వాటిలో ప్రాసెసర్ గుర్తు ఉండాల్సిన చోట ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉంది. వాడు రోజూ చూస్తున్నదే, అలంకారమనుకున్నాడు. నిజానికి అది నెమ్మదిగా నడుస్తున్నానని చెప్పే హెచ్చరిక. దాని వెనక కథ తెలియాలంటే ప్రాసెసర్ దగ్గరకి వెళ్లాలి.

ఇంటెల్ వంశపు ప్రాసెసర్లు చాలాకాలం పోపెక్, గోల్డ్‌బర్గ్ షరతులకి లోబడేవి కావు. గుట్టు బయటపెట్టే కొన్ని ఆదేశాలు వాటిలో హైపర్‌వైజర్‌ని పిలవకుండానే నడిచిపోయేవి. 1999లో వీఎంవేర్ వాళ్లు గెస్ట్ ఆదేశాల్ని నడిచేముందు అప్పటికప్పుడు మార్చి రాసే ఉపాయంతో ఆ అడ్డంకి దాటారు. 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ ప్రాసెసర్‌లోనే సాయం పెట్టాయి. గెస్ట్ నేరుగా నడుస్తుంది, ముట్టకూడనిది ముట్టినప్పుడు మాత్రం ప్రాసెసరే ఆపి హైపర్‌వైజర్‌ని పిలుస్తుంది. ఆ పిలుపుని ఎగ్జిట్ అంటారు. మొదటి తరం ప్రాసెసర్లలో ఒక్కో ఎగ్జిట్ ఎంత ఖరీదైనదంటే, చాలా పనుల్లో పాత సాఫ్ట్‌వేర్ ఉపాయమే గెలుస్తోందని 2006లో వీఎంవేర్ ఇంజినీర్లు కీత్ ఆడమ్స్, ఓలే ఆగెసెన్ కొలిచి చూపించారు. ఏటేటా ఆ ఖరీదు తగ్గుతూ వచ్చింది.

ఈ సాయం అందుకునే కుర్చీ మాత్రం ఒక్కటే. మా వాడు ఎవరో చెప్పగా, విండోస్ లోపలే లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్ఎల్2 కూడా పెట్టుకున్నాడు. దాంతో విండోస్ సొంత హైపర్‌వైజర్, హైపర్-వీ, ముందే వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. అలా ఉన్నప్పుడు విండోస్ కూడా దాని మీదే నడుస్తుంది. వర్చువల్‌బాక్స్‌కి ప్రాసెసర్ సాయం నేరుగా అందదు, ప్రతిదీ హైపర్-వీని అడిగి చేయించుకోవాలి. తాబేలు బొమ్మ అప్పుడే వస్తుంది. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో మెమరీ ఇంటిగ్రిటీ అనే భద్రతా ఏర్పాటు కూడా ఇదే పని చేస్తుంది. దాన్ని ఆపితే వేగం వస్తుంది గానీ రక్షణ ఒక మెట్టు తగ్గుతుంది, అది తెలిసి చేయాలి.

హైపర్‌వైజర్ మీద హైపర్‌వైజర్ నడిచినంత మాత్రాన ఇంత నెమ్మదించాలని లేదు. దాన్ని బాగా చేయవచ్చని 2010లో ఐబీఎం పరిశోధకులు లినక్స్ మీద చేసి చూపించారు. మామూలు పనుల్లో అదనపు నష్టం ఆరు నుంచి ఎనిమిది శాతం లోపే ఉంచగలిగారు. ఆ ప్రాజెక్టుకి వాళ్లు పెట్టుకున్న పేరు కూడా తాబేళ్లే.

"నీకు కావలసింది సీ ప్రోగ్రాములు రాసి, ఫోర్కులూ పైపులూ నడిపించుకోవడమేగా? అయితే డబ్ల్యూఎస్ఎల్ ఒక్కటే చాలురా నాన్నా, ఇదంతా అక్కర్లేదు" అన్నాను. ల్యాబ్‌లో కెర్నెల్ మార్చి బూట్ చేసే ప్రయోగాలు కూడా ఉన్నాయన్నాడు. అయితే పూర్తి యంత్రమే ఉండాలి. విండోస్ ఫీచర్లలో హైపర్-వీకి చెందినవి తీసేయించి, రీస్టార్ట్ చేయించాం. తాబేలు పోయి చిప్ బొమ్మ వచ్చింది. లాగిన్ తెర రెండు నిమిషాల్లోపే కనిపించింది. వాడు అమ్మని కేకేసి మరీ చూపించాడు.

బొమ్మలు గీసే పని కూడా ఒకటుంది. గెస్ట్‌కి గ్రాఫిక్స్ చిప్ అందకపోతే ఉబుంటు ప్రతి నీడనీ ప్రతి కదలికనీ ప్రాసెసర్ చేతే గీయిస్తుంది. గెస్ట్ అడిషన్స్ అనే వర్చువల్‌బాక్స్ డ్రైవర్లు గెస్ట్‌లో వేయించి, బరువైన డెస్క్‌టాప్ బదులు తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టించాను. టైపు చేసినవి వెంటనే పడసాగాయి.

అయినా ఫైళ్లు కాపీ చేస్తుంటే ఇంకా ఈడ్చుకుంటోంది. స్నాప్‌షాట్ల జాబితా తెరిస్తే పదకొండు ఉన్నాయి. ప్రతి ల్యాబ్‌కి ముందు జాగ్రత్తగా ఒకటి తీసుకున్నాడట. స్నాప్‌షాట్ అంటే ఫోటో తీసి పక్కన పెట్టడం అనుకుంటారు చాలామంది. జరిగేది వేరు. తీసిన క్షణం నుంచి పాత డిస్క్ ఫైలుని ముట్టకుండా, కొత్త మార్పులన్నీ ఇంకో ఫైలులో రాస్తారు. తర్వాతి స్నాప్‌షాట్‌కి దానిమీద ఇంకోటి. ఇప్పుడు ఒక ముక్క చదవాలంటే పై ఫైలులో ఉందా, లేకపోతే దాని కిందది, అదీ కాకపోతే ఇంకా కిందది అంటూ పన్నెండు పొరలు వెతకాలి. ఒకే డిస్క్ పళ్లెం మీద అవి పన్నెండు చోట్ల పరుచుకుని ఉంటాయి. సూది ఎంత పరుగెత్తాలో ఊహించుకోండి. తొలగించడమంటే కూడా చెరిపేయడం కాదు, పొరల్ని ఒకదాంట్లోకి ఒకటి కలపడం. ఆ రాత్రి పడుకునేముందు మొదలుపెడితే, పొద్దున్న నేను పాలు తెచ్చేసరికి ఆఖరిది కలుస్తోంది. వాళ్ల నాన్నకి ఫోన్ చేసి ఒక ఎస్ఎస్‌డీ కొనిపెట్టమని చెప్పాను. కొత్త ల్యాప్‌టాప్ మాట తర్వాత. పాతదానికి ఇంత ఆయుష్షు పోసేది ఇంకోటి లేదు.

నవంబరులో మళ్లీ ఫోన్. ఈసారి యంత్రం వాడి బల్ల మీద లేదు. ప్రాజెక్టుని క్లౌడ్‌లో పెట్టారు, నలుగురు స్నేహితులు కలిసి. రెండు రోజులు బాగా నడిచి మూడో రోజు నుంచి పేజీ తెరుచుకోవడం లేదట. మర్నాడే డెమో.

అక్కడ హోస్ట్‌లోకి తొంగి చూసే వీలు మనకి లేదు. అయితే లినక్స్ ఒక చిన్న కిటికీ ఉంచింది. టాప్ అనే కమాండ్ కొడితే మూడో వరసలో ప్రాసెసర్ సమయం ఎటు పోతోందో శాతాల్లో వస్తుంది. యూఎస్ అంటే ప్రోగ్రాములు తినేది. డబ్ల్యూఏ అంటే డిస్క్ కోసం ఆగినది. వరస చివర ఎస్‌టీ. దాని పూర్తి పేరు స్టీల్, అంటే దొంగిలించినది. నేను పనికి సిద్ధంగా ఉన్నా హోస్ట్ నాకు ప్రాసెసర్ ఇవ్వని సమయమని దానర్థం. గెస్ట్ తన స్థితి తాను తెలుసుకోలేదన్న నియమానికి ఇదొక మినహాయింపు. హోస్ట్ లెక్క రాసి పంపితేనే అది చూడగలుగుతుంది, అన్ని హైపర్‌వైజర్లూ పంపవు. కాలువ చివరి భూముల రైతుకి తలుపులు ఎప్పుడు ఎత్తారో ఎప్పుడు దించారో ఎవరైనా చెప్తే తప్ప తెలియదు, తన బోదెలో నీళ్లు లేవన్నదొక్కటే తెలుస్తుంది. ఎస్‌టీ ఆ కబురు తెచ్చే అంకె.

"ఎస్‌టీ ఎంతుంది?"

"ఎనభై ఎనిమిది మామయ్యా."

"యూఎస్?"

"పదో పదకొండో. మారట్లేదు."

పది దగ్గర నిలిచిపోయిందంటే నాకు అర్థమైంది. వాళ్లు తీసుకున్నది అమెజాన్ వారి టీ2 మైక్రో. 2014లో వచ్చిన ఆ తరగతి యంత్రాలు పొదుపు ఖాతా పద్ధతిలో నడుస్తాయి. టీ2 మైక్రోకి గంటకి ఆరు క్రెడిట్లు జమ అవుతాయి. ఒక క్రెడిట్ అంటే ఒక నిమిషం పూర్తి వేగం. పని లేనప్పుడు పోగవుతాయి, పని ఉన్నప్పుడు ఖర్చవుతాయి. ఖాతా ఖాళీ అయితే జమ అయ్యేంతే ఖర్చు పెట్టగలం, అంటే పది శాతం వేగం. అద్దె తక్కువ ఉండేది అందుకే, ఆ షరతు దాని పత్రాల్లో స్పష్టంగా రాసి ఉంటుంది. రోజంతా ఊరికే ఉండి అప్పుడప్పుడూ పరుగెత్తే పనులకి అది చాలా మంచి ఏర్పాటు.

మరి వీళ్ల క్రెడిట్లు ఎవరు తిన్నారు? ప్రాసెస్‌ల జాబితాలో పైన ఒక పైథాన్ స్క్రిప్టు ఉంది. కొత్త ఫైలు ఏదైనా వచ్చిందా అని చూస్తూ ఉండటం దాని పని. రాసిన కుర్రాడు ఒకసారి చూశాక ఆగమని చెప్పలేదు. రాకపోతే మళ్లీ చూడు, రాకపోతే మళ్లీ చూడు అంటూ రాత్రీపగలూ తిరుగుతోంది. లూపులో ఐదు సెకన్లు నిద్రపొమ్మని ఒక్క వరస చేర్పించాను. అప్పుడు రాత్రి పది. వాడు టాప్ తెరిచే ఉంచి ఎస్‌టీ సున్నాకి రావడం చూశాడు. "ఇప్పుడు దాన్ని ముట్టుకోకండి, అందరూ వెళ్లి పడుకోండి" అన్నాను.

పొద్దున్న ఆరింటికి మెసేజ్ పెట్టాడు. ఖాతాలో 46 క్రెడిట్లున్నాయట. ఎనిమిది గంటలకి 48 రావాలి, ఆ రెండూ ఏమయ్యాయని అడిగాడు. యంత్రం ఊరికే మెలకువగా ఉండటానికి కూడా కొంత ఖర్చవుతుందిరా అని రాశాను. వాళ్ల డెమో పదకొండింటికి.